కన్నం కింద నాలుగు గీతలు

దుకాణం వెనక గది,
సోమవారం

మామయ్యగారికి,

నమస్కారాలు. పిట్టల గూళ్ళ పెట్టె పోయిన వారం చేరింది. ఆరూ క్షేమం. ఒకదాని కప్పు మూల కాస్త నలిగితే నేనే జిగురు పెట్టి సరిచేశాను. చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను గానీ, మీ కళ్ళు ఇక్కడిదాకా చూస్తాయని నాకు భయం.

పాత బీరువా సొరుగుతో చేసిన గూటికి ఆ సొరుగు పిడినే కన్నం మీద చూరులా బిగించారు చూడండి, దాన్ని నేను పెట్టె విప్పుతుండగానే ఒక నర్సు పట్టుకుపోయింది. మంచం పట్టిన తండ్రి గది కిటికీకి తగిలిస్తుందట. బడి బెంచీ చెక్కతో చేసినదాని మీద ఎవరో పిల్లాడు చెక్కిన అక్షరం అలాగే ఉంచారు. దాన్నీ అమ్మేశాను, మనసొప్పక రెండు రోజులు దాచి మరీ.

వచ్చినవాళ్ళందరూ చేసే పని ఒకటుంది. కన్నంలో వేలు పెట్టి లోపల తడుముతారు. తడిమి, నా మొహం చూస్తారు. లోపల కూడా ఇంత నునుపా అంటారు. పక్షి కోసం ఇంత పనా అంటారు. మీ అబ్బాయి గుమ్మం మీద రాసిపెట్టిన పలక ఉంది కదా, "ఏ రెండూ ఒకేలా ఉండవు" అని, దాని కింద నేను ఇంకో వరుస రాయించాను: "లోపల కూడా అద్దమంత నునుపు." మీ అబ్బాయి ఉంటే రాసేవాడి చేతి నుంచి కుంచె లాక్కునేవాడే. మీకు మాత్రం నచ్చుతుందనుకుంటున్నాను.

ఆయన మొట్టమొదట చేసిన వంకర గూడు ఇంకా నా పొయ్యి పక్కనే ఉంది. తాళంచెవులు వేసుకుంటున్నాను. దాన్ని మాత్రం ఎవరడిగినా ఇవ్వను.

మీరు భోజనం చేస్తున్నారా? అబద్ధం రాయకండి. పక్కింటి కుట్టుపని అత్తకి ఫోన్ చేసి అన్నీ కనుక్కుంటున్నాను.

మీ కోడలు

*

వడ్రంగి షెడ్డు,
శనివారం

అమ్మాయికి,

ఉత్తరం పైన ఇదివరకు రాసే మాట ఇప్పుడు రాయలేను. అందుకే ఉత్త అమ్మాయికి అని రాశాను. ఏమీ అనుకోకు.

జిగురు పెట్టానన్నావు, ఏ జిగురు? కాగితాలు అతికించేదా? వానకి ఊడిపోతుంది. కొన్నవాడు ఎవడో కనుక్కుని వెనక్కి తెప్పించు, నేను మేకు వేస్తాను. నలిగిన మూలతో నా చేతి పని ఒకరింట్లో వేలాడటం నాకు తలవంపులు.

పలక మీద రాయించింది బావుంది. ఇన్నాళ్ళకి ఆ దుకాణంలో ఒక నిజం రాశారు. అమ్మాయ్, మావాడి చేతిలో గొప్పతనం లేదని నేను అనను. కప్పు వాలు, కన్నం గుండ్రం, అడుగు పలక జారే గాడి, అన్నీ నాకంటే బాగా చేసేవాడు. కానీ లోపలికి వచ్చేసరికి బద్ధకం. వాడు సగంలో వదిలిన గూళ్ళు ఎనిమిది దొరికాయి కదా, అన్నిటికీ లోపల ముందు పలక గరుకే. చాలదన్నట్టు కన్నం కింద కత్తితో అడ్డంగా నాలుగు గీతలు. ఎందుకు గీసినట్టు? కత్తి పదును చూసుకున్నాడేమో. పీట మీద కూర్చున్నవాడు కాలక్షేపానికి గోడ గీకినట్టు. ఆ ఎనిమిదింటినీ విప్పి చిత్రిక పట్టి, ఉప్పుకాగితం రుద్ది, లక్క పాలిష్ రెండు పూతలు వేసి, మైనం పట్టించాను. అప్పుడు పంపాను. కొడుకు వెనక తండ్రి సర్దకపోతే ఎవరు సర్దుతారు?

నేను చేసే వాటికి లోతు కూడా పెంచాను. వాడివి పొట్టిగా, బొద్దుగా ఉండేవి. ఇప్పుడు కన్నం నుంచి అడుగుకి నా జాన పడుతుంది. చూపుకి హుందాగా ఉన్నాయి.

కుట్టుపని ఆవిడ గూఢచారి అని నాకు ముందే తెలుసు. నేను తింటున్నాను. నాకు ఫోన్ ఇమ్మని ఆవిడని పోరకు, చెవికి పెట్టుకుంటే చల్లగా తగలడం తప్ప ఏమీ తెలియడం లేదు. ఏదున్నా కాగితం మీద రాయి.

మామయ్య

*

దుకాణం వెనక గది,
బుధవారం

మామయ్యగారికి,

చెక్కల జిగురే పెట్టాను. మీ అబ్బాయి డబ్బాలోదే. ఇక శాంతించండి.

ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకుంటున్నది ఒకటి ఇవాళ అడుగుతాను. ఎదురుగా ఉంటే అడగలేను, మీరు ఏడుపు వినపడకుండా రంపం మిషన్ వేసుకుంటారు. ఆయన పోయిన రోజుకి మీ దగ్గర ఇంకో మూడు రోజులు ఉండాల్సింది. నెలలో పదిహేను రోజులు మీ షెడ్డు, పదిహేను రోజులు ఇక్కడ, ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. మరి ఆ మధ్యాహ్నం ఉన్నపళంగా ఎందుకు బయల్దేరాడు? సంచి కూడా తీసుకోలేదు. హెల్మెట్ మీ షెడ్డులోనే ఉండిపోయింది. మలుపులో లారీది తప్పా, ఆయనది తప్పా అని అందరూ అడిగారు. అంత తొందరెందుకు పడ్డాడని నేనొక్కదాన్నే అడుగుతున్నాను.

మీ మీద నింద వేయడానికి కాదు. తెలియకపోతే నాకు రోజుకో కథ తోస్తోంది. ఆ కథలన్నిటికంటే జరిగింది ఏదైనా నయమే.

మీ కోడలు

*

వడ్రంగి షెడ్డు,
ఆదివారం

అమ్మాయికి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పన్నెండు రోజులు తిరిగాను. ఇక తప్పదు, రాస్తున్నాను.

పోట్లాడుకున్నాం. గూడు గురించే. అప్పుడే పూర్తి చేసిన గూడొకటి పట్టుకుని వాడు మిషన్ దగ్గరికి వచ్చాడు, నాకు చూపించడానికి. కిటికీ చట్రం చెక్కతో చేసింది, చాలా ముచ్చటగా ఉంది. నేను అడుగు పలక లాగి లోపల వేలు పెట్టాను. గరుకు. పైగా ఆ నాలుగు గీతలు. నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు నా దగ్గర నేర్చుకుని చేసేది ఈ దొంగపనా అన్నాను. లోపల ఎవరూ చూడరని కదా, నువ్వు బతికేది కూడా ఇలాగే అన్నాను. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

వాడు ఏదో చెప్పాడు. మిషన్ తిరుగుతోంది. నా చెవులు అప్పటికే సగం పోయాయి, మీకెవరికీ చెప్పలేదు, వయసైపోయిందంటారని. వాడి పెదాలు కదలడం చూశాను. మీట నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆపలేదు. వాడు గూడు ఎత్తి పట్టుకుని, లోపల రెండు వేళ్ళు పెట్టి, ఆ గీతల మీద ఒకదాని తర్వాత ఒకటి పైకి పాకించి, కన్నంలోంచి వేళ్ళు బయటికి పెట్టి నాకేసి ఆడించాడు. నవ్వుతూనే చేశాడు. నన్ను చిన్నపిల్లాడిలా ఆడిస్తున్నాడని, వెక్కిరిస్తున్నాడని అనుకున్నాను. పో అవతలికి అన్నాను. అది వాడు విన్నాడు. గూడు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. బండి చప్పుడు కూడా నాకు వినపడలేదు.

ఇదీ జరిగింది. నువ్వు ఏమైనా అనుకో.

వారం తర్వాత షెడ్డు తలుపు తీస్తే ఆ గూడు బల్ల మీదే ఉంది. వాడి ఆఖరి పని. ఎవరైనా లోపల చూస్తే నా కొడుకుని పనిదొంగ అంటారని, ముందు పలక ఊడదీసి ఆ నాలుగు గీతలూ పోయేదాకా చిత్రిక పట్టాను. అంత జాగ్రత్తగా నేను ఏ పెళ్ళిమంచానికీ పట్టలేదు. దాన్ని అమ్మను. నా కిటికీ బయట తగిలించుకున్నాను.

అప్పుడు నేను ఏం చేసుకుందామనుకున్నానో నీకు తెలుసు. తాడు కుట్టుపని ఆవిడ లాక్కుంది. ఆ గూటికి పాలిష్ పూర్తి చేయాలి, రెండో పూత రేపు వేయాలి, అని ఒక్కటే నన్ను మర్నాడు లేపింది. ఆ తర్వాత నువ్వు మిగతావి పూర్తి చేయమన్నావు. ఇప్పటికీ అంతే. లోపల నున్నగా అయ్యిందా లేదా అని చూసుకోవడానికే లేస్తున్నాను. వాడికి ఆ రోజు నేను చెప్పింది తప్పు కాదని నా పని నాకు చెబుతుంది. మాట తప్పు, చెప్పిన విషయం తప్పు కాదు. ఆ ఒక్కటీ ఉంది నాకు.

మామయ్య

*

(ఇది పోస్టు చేయలేదు.)

దుకాణం వెనక గది,
గురువారం

మామయ్యగారికి,

ఇది ఎలా రాయాలో నాకు తెలియడం లేదు.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడే నర్సు వచ్చింది. సొరుగు పిడి గూడు న్యూస్ పేపర్లో చుట్టి తెచ్చింది. బల్ల మీద పెట్టి, అడుగు పలక లాగింది. నాలుగు పిల్లలు. రెక్కల నిండా ఈకలొచ్చేశాయి మామయ్యగారూ, ఎగరడానికి అంతా సిద్ధమైన పిల్లలు. ఎండి అట్టల్లా అయిపోయాయి. మంచంలో ఉన్న వాళ్ళ నాన్న మూడు రోజులు గోల పెట్టాడట, పిల్లలు ఏడుస్తున్నాయి, దించి చూడమని. పక్షులన్నాక అరవవా నాన్నా అని ఈవిడ డ్యూటీకి పోయిందట. నాలుగో రోజు ఆయన ఇక చూడక్కర్లేదన్నాడట. మళ్ళీ ఆయన కిటికీ వైపు తిరగలేదట.

రోగమేమో అనుకున్నాను. మీ మీద ఒట్టు, అలాగే అనుకుని ఆవిడకి సర్ది చెప్పాను. రెండు రోజులకి పక్షుల మాస్టారు వచ్చాడు. బళ్ళో సైన్సు చెప్పి రిటైరైనాయన, మీ అబ్బాయికి మొదటి నుంచీ గిరాకీ. ఈ మధ్య కొన్న గూట్లో ఆయనకీ అదే జరిగింది. ఆయన ఆ గూట్లో వేలు పెట్టి తడిమి, అమ్మా నాలుగు గీతలు ఏవి, అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయన కూర్చుని చెప్పాడు. పిల్లలు గూట్లో ఎగరలేవు, రెక్క విప్పడానికి చోటుండదు. అడుగు నుంచి కన్నందాకా గోళ్ళతో పట్టుకుని పాకాలి. అందుకని ముందు పలక గరుకుగా వదులుతారు, కన్నం కింద మెట్లలా గీతలు గీస్తారు. నునుపు చేస్తే జారి అడుగున పడతాయి. తల్లి కొన్నాళ్ళు మేత తెస్తుంది. పిల్లలు బయటికి రాకపోతే తెచ్చి తెచ్చి, తర్వాత మానేస్తుంది. మీ ఆయనకి ఇది నేను చెప్పలేదమ్మా, అతనే కనిపెట్టుకున్నాడు, అన్నాడు.

మామయ్యగారూ, ఆయన రెండు వేళ్ళు పాకించి కన్నంలోంచి బయటికి పెట్టాడని రాశారే. ఆ వేళ్ళు పిల్లలు. మిమ్మల్ని వెక్కిరించలేదు. మీకు వినపడటం లేదని ఆయనకి తెలిసిపోయింది. అందుకే చేత్తో చెప్పాడు.

ఇది మీకు ఎలా పంపను? మీ పని మీకు ఒక్కటే మాట చెబుతుందని రాశారు. ఆ ఒక్క మాటా నేను లాగేస్తే రేపు మీరు ఎందుకు లేస్తారు?

నేను మాత్రం తక్కువ తిన్నానా? అద్దమంత నునుపు అని పలక రాయించింది నేను. ఆయనతో ఆరేళ్ళు కాపురం చేసి, ఆ గీతలు ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. గూడంటే నాకు అమ్మే వస్తువు.

*

దుకాణం వెనక గది,
శుక్రవారం

మామయ్యగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. మీరు అంతా రాసినందుకు నాకు కోపం లేదు. నిజంగా లేదు. ఆయన కోపం ఎప్పుడూ ఊరి చివరి దాకానే ఉండేది. ఆ మలుపు చేరేసరికి చల్లారిపోయే ఉంటుంది.

ఒక చిన్న విషయం. ఇక్కడ కొందరు గిరాకీలు పాత రకం గూళ్ళు అడుగుతున్నారు. లోపల కన్నం కింద గీతలుండేవి చూడండి, అవి. అదో ముచ్చట వాళ్ళకి. ఇకమీద చేసేవాటికి ఆ నాలుగు గీతలు పెట్టి, ముందు పలకకి లోపల పాలిష్ వేయకుండా పంపగలరా? మీకూ కాస్త పని తగ్గుతుంది. నాలుగైదు వారాలు కొత్తవి పంపకపోయినా తొందరేం లేదు, ఇక్కడ సరుకుంది.

ఆరోగ్యం జాగ్రత్త.

మీ కోడలు

*

వడ్రంగి షెడ్డు,
గురువారం

అమ్మాయికి,

నీ మాట నేను ఎప్పుడూ కాదనలేదు. ఈ ఒక్కటి మాత్రం నా వల్ల కాదు. ఏ పనికి నా కొడుకుని తిట్టి పంపానో ఆ పనే ఇప్పుడు గిరాకీ ముచ్చట పడ్డాడని నేను చేయనా? అలా చేస్తే ఆ రోజు ఎందుకు తిట్టినట్టు? గీతలు కావాలన్నవాడిని గీతలున్నచోట కొనుక్కోమను. ఇంకెప్పుడూ ఈ సంగతి రాయకు. కోపంతో కాదు, బతిమాలుతున్నాను.

ఇక అసలు సంగతి. ఇది రాయడానికే ఉదయం నుంచి చేతులు కడుక్కుని కూర్చున్నాను. కిటికీ బయటి గూట్లోకి పిట్టలొచ్చాయి! వాడి గూట్లోకి. పిడికిట్లో సగం కూడా ఉండవు, నెత్తిన నల్లటోపీ పెట్టుకున్నట్టుంటాయి. మొగుడూ పెళ్ళాం. ఐదు వారాల కిందట నాచూ, ఎవరి నెత్తిదో జుట్టూ మోసుకురావడం మొదలుపెట్టాయి. నా దిష్టే తగులుతుందని నీకు అప్పుడు రాయలేదు. ఇప్పుడు పిల్లలయ్యాయి. వాటి అరుపు నాకు వినపడదు కదా, అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. గూటి పక్క పలక మీద అరచేయి ఆనిస్తాను. లోపల కదలిక చేతికి తెలుస్తుంది. తల్లి వచ్చినప్పుడు ఒక్కసారి గుప్పున కదులుతాయి, తర్వాత సద్దుమణుగుతాయి. ఐదున్నాయని నా చేతి లెక్క.

మిషన్ మానేశాను, అదిరి భయపడతాయని. చేతి రంపంతోనే కోస్తున్నాను. భుజం పట్టేసింది. కుట్టుపని ఆవిడ కూతురి పురుటికి వెళ్ళింది, నెల దాకా రాదు. వంట నేనే చేసుకుంటున్నాను, మాడినదంతా తింటున్నాను, ఎవరికీ చెప్పకు.

అమ్మాయ్, వాడు పోయాక నేను నవ్వడం ఇదే మొదలు. మేత తెచ్చిన తండ్రి పిట్ట కన్నం దగ్గర నిలబడి నన్ను తేరిపార చూసింది, ఈ ముసలాడెవడురా మా ఇంటి ముందు అన్నట్టు. నవ్వొచ్చేసింది. వాడి గూడు ఖాళీగా లేదు. అది చాలు.

మామయ్య

*

దుకాణం వెనక గది,
ఎక్స్‌ప్రెస్ పోస్టు

మామయ్యగారూ,

మిగతాది తర్వాత చదువుకోండి, ముందు వెళ్ళి గూడు అడుగు పలక కొంచెం లాగండి. లోపల ముందు పలకకి ఆనేలా గరుకు పుల్లో, గోనెపట్టా ముక్కో, ఏదైనా పెట్టండి. కింద నుంచి కన్నందాకా అందాలి. పిల్లలు పట్టుకుని పాకడానికి. పెట్టేసి దూరంగా వచ్చేయండి. తల్లి మళ్ళీ వస్తుంది, భయం లేదు.

ఇప్పుడు కూర్చోండి.

గీతలు గిరాకీ ముచ్చట కాదు. నేను అబద్ధమాడాను. గోడ నున్నగా ఉంటే పిల్లలు కన్నందాకా ఎక్కలేవు. అడుగునే ఉండిపోతాయి. మీ అబ్బాయి గీసింది అందుకు. మనం అమ్మిన గూళ్ళలో అవి చచ్చిపోతున్నాయి. నర్సు తెచ్చి చూపించింది, మాస్టారు తెచ్చి చూపించాడు. మీరు చేసినవి ముప్పై ఒకటి అమ్మాను. ఇంటింటికీ తిరిగి పంతొమ్మిది వెనక్కి తెచ్చాను. ఏడింట్లో ఉన్నాయి. ఎన్ని పిల్లలో మీకు రాయను. వెనక్కి తెచ్చిన వాటిలో ఆయన ఉలితో నేనే గీతలు గీస్తున్నాను, వేళ్ళు కోసుకుంటూ. మిగతా పన్నెండూ ఎవరివో తెలియదు. ఆ పలక మీద నేను రాయించిన వరుస చెరిపేశాను.

ముందే చెప్పాల్సింది. మీరు ఆ పోట్లాట గురించి రాశాక నాకు చేయి రాలేదు. ఆ రెండు వేళ్ళు ఏం చెప్పాయో ఇప్పుడు మీకే తెలుస్తుంది, నన్ను రాయించకండి.

ఇంకొకటి కూడా దాచను. మీ పిట్టల ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మూడు రోజులు అది బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున ఒకటి రాసి చింపాను, మధ్యాహ్నం ఒకటి రాసి చింపాను. ఒకవైపు ఐదు పిల్లలు, ఒకవైపు మీరు. ఎవరిని కాపాడాలో తేల్చుకోలేకపోయాను. కుట్టుపని అత్తకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, ఊళ్ళో లేదని మీరు రాసింది అప్పుడు గుర్తొచ్చింది. తేల్చుకోవడం కాదు, భయం. మీ తాడు గుర్తొచ్చింది. బస్సెక్కి నేనే వద్దామన్నా మీ ఎదుట నిలబడే ధైర్యం రాలేదు.

మామయ్యగారూ, నాకు మీరు తప్ప ఇంకెవరూ లేరు. గూడు తెరవండి. తర్వాత నాకు ఒక్క వరుసైనా రాయండి, తిట్టయినా సరే.

మీ కోడలు

*

వడ్రంగి షెడ్డు,
మంగళవారం

అమ్మాయికి,

పిల్లలు ఎగిరిపోయాయి. నీకు చెప్పాలని వెంటనే రాస్తున్నాను.

నాలుగైదు రోజుల కిందట చేయి పెడితే లోపల ఒకటే దూకుళ్ళు. గోడకేసి దబదబా తన్నుకుంటున్నాయి. రెక్కలొచ్చాయి కదా, ఆగలేకపోతున్నాయి, మా వాడూ చిన్నప్పుడు అంతే, కాలు ఒకచోట నిలిచేది కాదు. పెద్ద పిట్టలు మాత్రం రావడం తగ్గించాయి. బయటికి రప్పించడానికి ఆకలి పెడుతున్నాయి కాబోలు అనుకున్నాను. తెలివైనవి. మొన్న కదలిక కాస్త మందగించింది. ఇవాళ ఉదయం అరచేయి ఆనిస్తే ఏమీ లేదు. చాలాసేపు పెట్టి ఉంచాను. ఖాళీ.

వెళ్ళేటప్పుడు చూడలేకపోయానని ఒకటే బాధ. నేను నీళ్ళకు పోయినప్పుడు వెళ్ళుంటాయి. ఐదుగురూ కూడబలుక్కుని నా కళ్ళు కప్పారు. పోనీలే, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

అడుగు పలక లాగి ఇప్పుడే శుభ్రం చేయను. మళ్ళీ వస్తాయేమో, వాటి వాసన అందులో ఉండనీ.

ఈ రోజు నుంచి మళ్ళీ మిషన్ వేస్తాను. నీకు కొత్తవి నాలుగు పంపుతాను, ఒకటి పాత తలుపు చెక్కతో, దాని తాళం కన్నమే పిట్టకి కన్నం చేద్దామని చూస్తున్నాను. లోపల ఎలాగూ అద్దమే.

మామయ్య

*

వడ్రంగి షెడ్డు,
శుక్రవారం

అమ్మాయికి,

నీ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. మొదటి వరుస చదివి మిషన్ ఆపాను.

ఐదున్నాయి. నా చేతి లెక్క తప్పలేదు.

సరిగ్గా కన్నం కింద, ఒకదాని మీద ఒకటి. పైనున్నది మిగతావాటి మీద నిలబడి అందుకోవాలని చూసినట్టుంది. దాని తలకీ కన్నానికీ మధ్య నాలుగు వేళ్ళే తేడా. వాటిని తీసి వెనక పెరట్లో పెట్టాను. పలక ఊడదీసి వెలుతురులో చూశాను. నా పాలిష్ మీద గీతలున్నాయి అమ్మాయ్. సన్నగా, వెంట్రుకవాసి. గోళ్ళవి. కిందికి జారినట్టు, ఒకదాని పక్కన ఒకటి, వాడు గీసిన పలక మీదే, కన్నం కింద. వాడు కత్తితో పెట్టింది నేను చెరిపేస్తే, అవి గోళ్ళతో మళ్ళీ పెట్టుకోవాలని చూశాయి.

దబదబా తన్నుకుంటున్నాయని రాశాను నీకు. నా చేయి గూటి పక్క పలక మీదే ఉంది. అవతల వైపు అవి. మధ్యన వేలి మందం చెక్క. నేను నవ్వుకుంటూ నిలబడ్డాను.

వాడు నాకు ఎలా ఎక్కాలో చూపించాడు. రెండు వేళ్ళతో చూపించాడు. చెవిటివాడికి చెప్పినట్టు చక్కగా, ఓపిగ్గా, నవ్వుతూ చెప్పాడు. ఆ రోజు నేను చెప్పిన విషయం కూడా తప్పే. ఇక నా దగ్గర ఏమీ లేదు.

కవరు మీద పోస్టు ముద్ర చూశాను. నీ మూడు రోజులూ లెక్కపెట్టుకున్నాను, అబద్ధం రాయను. ఆ మూడు రోజులు ముందు వచ్చి ఉంటే లోపల ఇంకా కదలిక ఉంది. కానీ నా చేతికందే మీట నేను ఆపలేదు. నీకు మూడు రోజులు నా వల్లే పట్టాయి. నిన్ను ఏమీ అనను, నువ్వూ నన్ను ఓదార్చకు. మీ తప్పు లేదు మామయ్యగారూ అని మాత్రం రాయకు, చదవలేను.

నేను ఏం చేసుకుంటానోనని నీ భయం. చేసుకోను అని మాట ఇవ్వడానికి నాకు నోరు రావడం లేదు. పని ఉంది అని మాత్రం రాయగలను. నువ్వు వెనక్కి తెచ్చిన పంతొమ్మిదీ ఇక్కడికి పంపు. ఉలితో నువ్వు గీయకు, వేళ్ళు పోతాయి. దొరకని పన్నెండు ఇళ్ళూ నేనే వెతుకుతాను. కొన్నవాళ్ళు ఎలా ఉంటారో, ఏ వైపు నుంచి వచ్చేవారో నీకు గుర్తున్నంత రాసి పంపు. బస్సెక్కి వచ్చి ఒక్కో వీధీ పట్టుకుని, ఏ కిటికీకి నా గూడు వేలాడుతుంటే ఆ తలుపు కొడతాను. వాళ్ళు ఏమన్నా నాకు ఎలాగూ వినపడదు.

నిన్నటి నుంచి ఒక పలక ముందేసుకుని కూర్చున్నాను. వాడి కత్తి దొరికింది. గీతలు గీద్దామంటే చేయి సాగడం లేదు. ఎంత లోతు గీసేవాడో తెలియదు. గీతకీ గీతకీ ఎంత ఎడం పెట్టేవాడో తెలియదు. మొదటిది కన్నానికి ఎంత కింద మొదలయ్యేదో తెలియదు. కొలిచి చూద్దామంటే వాడివి ఎనిమిది గూళ్ళూ, ఆఖరిదీ, అన్నీ నా చేతులతోనే నున్నగా చేశాను. ఆ పొట్టుతో నీళ్ళు కాచుకున్నాను. ఇరవై ఏళ్ళు నా పక్కన పని చేసిన పిల్లాడి చేతి గుర్తు ఈ షెడ్డులో ఒక్కటి లేదు.

నీ పొయ్యి పక్కన తాళంచెవులు వేసుకునే వంకర గూడు ఉందన్నావు. అది నేను ఇంకా ముట్టుకోలేదు. తాళంచెవులు తీసేసి దాన్ని పంపు, అమ్మాయ్. నువ్వే పట్టుకొస్తే మరీ మంచిది. విప్పను, చిత్రిక దగ్గరికి రానివ్వను. కన్నంలో వేలు పెట్టి ఒక్కసారి తడిమి చూసి, కొలత రాసుకుని, నీది నీకు ఇచ్చేస్తాను.

మామయ్య